మీడియా ప్లేయర్ కొనే ముందు పెట్టెను వెనక్కి తిప్పి చూడండి: పోర్టులు, అడాప్టర్, వేడి, వైర్లు

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం)

అన్నలందరికీ నమస్తే. టీవీకి ఒక మీడియా ప్లేయర్ పెట్టె తీసుకోవాలని ఉంది. ఇంట్లో ఉన్న సరంజామా ఇది:

43 అంగుళాల 4కే టీవీ. హెచ్‌డీఎంఐలు మూడు, ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసుంది. వెనక ఆప్టికల్ ఔట్ కూడా ఉంది. హోమ్ థియేటర్ ఆంప్ పాతది, దానికి హెచ్‌డీఎంఐ అనేదే లేదు. ఆప్టికల్ ఇన్ ఒకటి, ఆరెంజ్ రంగు కోయాక్సియల్ ఇన్ ఒకటి ఉన్నాయి. సినిమాలన్నీ 4 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. టీవీ కింద కడప బండ వేసిన గూడు, దానికి అద్దం తలుపు. రూటర్ పక్క గదిలో, మధ్యన రాతి గోడ.

అడిగేది ఇంతే. ఏ పోర్టులు లేకపోతే పెట్టె కొనకూడదు? బాడీ అల్యూమినియంది మేలా, ప్లాస్టిక్‌దా? ఆ గూట్లో పెట్టచ్చా?

టంకం_పొగ (కర్నూలు)

తమ్ముడూ, అందరూ ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత అని అడుగుతారు. నువ్వు పోర్టులు అడిగినావు, అది మంచిది. ఈ పెట్టెలు రిపేరుకొచ్చేది ప్రాసెసర్ చచ్చి కాదప్పా. అడాప్టర్, హెచ్‌డీఎంఐ సాకెట్, వేడి. ఈ మూడే.

షాపులో డబ్బా ముందు బొమ్మ చూడొద్దు, వెనక ప్యానెల్ ఫోటో చూడు.

హెచ్‌డీఎంఐ 2.0 గానీ అంతకు పైది గానీ ఉండాలి. 1.4 అయితే 4కే బొమ్మ సెకనుకు 30 ఫ్రేములకే ఆగిపోతుంది, ఎందుకంటే దాని దారి 10.2 గిగాబిట్లే. 2.0 కు 18, 2.1 కు 48. దాంతోపాటు హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా కాపాడే తాళం) అని స్పెసిఫికేషన్‌లో ఉందా చూడు. అది లేకపోతే ఓటీటీలో 4కే రాదు.

ఆప్టికల్ గానీ కోయాక్సియల్ గానీ ఒకటి ఉండి తీరాల. నీ ఆంప్‌కు అదే దిక్కు. ఇప్పుడొచ్చే పెట్టెల్లో చాలావాటికి ఎస్పీడిఫ్ (ఈ రెండు పోర్టులకూ కలిపి పేరు) తీసేస్తున్నారు. యాపిల్ టీవీ కూడా 2015 మోడల్ నుంచే ఆప్టికల్ ఎత్తేసింది. టీవీలో గుచ్చే స్టిక్కులకు అసలుండదు.

యూఎస్‌బీ రెండుండాలి, ఒకటి నీలం రంగు 3.0 అయితే మేలు. సినిమా ఆడడానికి 2.0 వేగం కూడా సరిపోతుంది. నీలం పోర్టు కావాల్సింది కరెంటు కోసం. 2.0 ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. పోర్టబుల్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. పెట్టె ఆన్ కాగానే డిస్క్‌లోంచి టిక్ టిక్ అని చప్పుడొచ్చి, మళ్లీ మొదలై, మళ్లీ టిక్ అంటే డిస్క్ పోయిందని పారేయకండి. ముందు దానికి కరెంటు చాలుతుందా చూడండి.

ఈథర్‌నెట్ (నెట్ వైరు పోర్టు): 100 ఎంబీపీఎస్‌ది ఉంటే నీకు చాలు. ఓటీటీ 4కే 25 ఎంబీపీఎస్ లోపే నడుస్తుంది. సినిమాలు డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి గిగాబిట్ అక్కర్లేదు. పక్క గదిలో కంప్యూటర్ నుంచి 4కే బ్లూరే రిప్పులు (డిస్కు నుంచి తీసిన ఫైళ్లు) లాగేవాళ్లకు గిగాబిట్ తప్పదు. ఆ డిస్కుల బిట్‌రేటు ఒక్కోసారి 100 ఎంబీపీఎస్ దాటిపోతుంది. 100 పోర్టు మీద చేతికొచ్చేది 94, 95. యాక్షన్ సీను రాగానే చక్రం తిరుగుతుంది.

ఇక గుండ్రటి పవర్ జాక్ గురించి వేరే రాస్తా, అది పెద్ద కథ.

పెన్నేటి_గట్టు (కడప)

ఆడియో వరకు నేను చెప్తాను.

ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే ఆంప్‌కు పంపే దారి) మీకు పనికిరాదు, ఆంప్ వైపు హెచ్‌డీఎంఐ లేదు కదా. దాన్ని మర్చిపోండి. రెండు దారులున్నాయి. పెట్టె నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి, టీవీ ఆప్టికల్ ఆంప్‌కు, ఇదొకటి. పెట్టె నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి, పెట్టె ఆప్టికల్ నేరుగా ఆంప్‌కు, ఇది రెండోది. మొదటి దాంట్లో కేబుల్ టీవీ, టీవీలోని యాప్‌లు, పెట్టె అన్నీ ఆంప్‌లో పలుకుతాయి. కానీ చాలా టీవీలు హెచ్‌డీఎంఐలో వచ్చిన 5.1 (ఆరు చానెళ్ల ధ్వని) ని ఆప్టికల్‌లో రెండు చానెళ్లకు కుదించి పంపుతాయి. ఆంప్ డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ బదులు పీసీఎం (మూట విప్పిన మామూలు ధ్వని) అని పడుతుంటే అదే జరుగుతోందన్నమాట. అప్పుడు రెండో దారి పట్టండి. ఆంప్‌లో ఆప్టికల్ ఒకటే ఉందంటున్నారు కాబట్టి టీవీకి ఆప్టికల్, పెట్టెకు కోయాక్సియల్ వాడితే రెండూ కలిసొస్తాయి. అందుకే కోయాక్సియల్ ఔట్ ఉన్న పెట్టె దొరికితే వదలొద్దు. దానికి 75 ఓమ్‌ల వైరు ఉండాలి. ఇంట్లో పడున్న పసుపు వీడియో ఆర్‌సీఏ వైరు కూడా 75 ఓమ్‌లదే, మీటరు పొడవుకు అది చాలు.

ఆప్టికల్‌లో పట్టేది రెండు చానెళ్ల పీసీఎం, డాల్బీ డిజిటల్ 5.1, డీటీఎస్ 5.1. ట్రూ హెచ్‌డీ (డాల్బీలోనే నాణ్యత తగ్గని పెద్ద రకం) పట్టదు. డీటీఎస్ హెచ్‌డీ ఫైల్ అయితే అందులోనే మామూలు డీటీఎస్ ముక్క దాగి ఉంటుంది, అది పోతుంది. ట్రూ హెచ్‌డీ ఒక్కటే ఉన్న ఫైల్ అయితే ఆంప్ మౌనవ్రతం.

కోడీ (పెట్టెలో వేసుకునే వీడియో ప్లేయర్ యాప్) వాడితే దీనికి మందుంది. ఆడియో సెట్టింగ్‌లలో చానెళ్ల సంఖ్య 2.0 పెట్టండి (5.1 పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు), పాస్‌త్రూ (ధ్వనిని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) ఆన్ చేయండి, డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్ ఆన్ చేయండి. ఆంప్‌కు అర్థం కాని 5.1 దేన్నైనా అప్పటికప్పుడు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతుంది.

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం)

చానెళ్లు 2.0 పెడితే 5.1 ఎట్ల వస్తుందన్నా?

పెన్నేటి_గట్టు (కడప)

ఆ 2.0 అనేది విప్పిన ధ్వని, అంటే పీసీఎం, ఎన్ని చానెళ్లలో పంపాలన్న లెక్క. ఆప్టికల్ దారిలో విప్పిన ధ్వని రెండుకు మించి పట్టదు. మూట కట్టిన 5.1 ఈ లెక్కలోకి రాదు, మూటగానే పోయి ఆంప్‌లో విప్పుకుంటుంది. 5.1 అని పెట్టారనుకోండి, కోడీ ఆరు చానెళ్లు విప్పి పంపబోతుంది, నాలుగు దారిలోనే పోతాయి. మాటలు వచ్చే మధ్య చానెల్ అందులో ఒకటి. సంగీతం వినిపించి మాటలు వినిపించకపోవడం ఇందుకే.

గండికోట_గాలి (జమ్మలమడుగు)

ఇంకో చిన్న మాట. ఆంప్ లేక, సొంతంగా కూర్పించుకున్న 5.1 సెట్లు వాడేవాళ్లు ఆప్టికల్ నుంచి ఆర్‌సీఏకు మార్చే బుల్లి డబ్బా కొంటుంటారు. ఆ డబ్బాల్లో చవకరకంవి పీసీఎం తప్ప ఇంకోటి ఎరగవు. డాల్బీ పంపితే సర్రుమని రొద, లేదా ఏమీ రాదు. టీవీలో డిజిటల్ ఆడియో ఔట్‌ను ఆటో నుంచి పీసీఎంకు మార్చండి, పలుకుతుంది. డబ్బా వాపసు ఇచ్చే పని ఉండదు.

టంకం_పొగ (కర్నూలు)

చెప్పినా కదా, పవర్ జాక్.

ఈ పెట్టెలు రెండు రకాలు: 5 వోల్టులవి, 12 వోల్టులవి. గుచ్చే మూతి మాత్రం రెండింటికీ ఒకటే ఉండొచ్చు. బయట 5.5 మిల్లీమీటర్లు, లోపల 2.1. రూటర్‌ది 12 వోల్టుల అడాప్టర్ తెచ్చి 5 వోల్టుల పెట్టెకు గుచ్చితే అరసెకను పట్టదు. పొగ కూడా రాదు, నిశ్శబ్దంగా పోతుంది. కొన్న రోజే అడాప్టర్ మీద తెల్ల టేపు అంటించి "ప్లేయర్, 5 వోల్టులు" అని రాసిపెట్టుకోండి.

వోల్టులు కచ్చితంగా అవే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువుంటే నష్టం లేదు, పెట్టె తనకు కావాల్సినంతే లాక్కుంటుంది. 5 వోల్టులు 2 ఆంపియర్లది ఇచ్చి, నువ్వు డిస్క్ కూడా పెట్టెకే తగిలిస్తే, 3 ఆంపియర్లది తీసుకో. ప్లగ్ సైజు మాత్రం అదే ఉండాల.

లోపలి రంధ్రం 2.1 నా 2.5 నా అన్నది కంటికి తెలీదు. 2.1 ప్లగ్ 2.5 పిన్ను మీదికి ఎక్కదు, కాబట్టి దొరికిపోతుంది. 2.5 ప్లగ్ 2.1 పిన్ను మీద వదులుగా కూర్చుంటుంది, పనిచేస్తున్నట్టే ఉంటుంది. టీవీ టేబుల్ కదిలితే పెట్టె రీస్టార్ట్. ఆ జాక్ లోపలి ఆకు నల్లబడిపోతుంది.

ధ్రువాలు: మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి ఎర్ర మొన రంధ్రంలో, నల్ల మొన బయటి తొడుగు మీద పెట్టండి. మైనస్ గుర్తు లేకుండా అంకె వస్తే మధ్యది ప్లస్. పెట్టె అడుగున ఉన్న బొమ్మతో సరిపోవాల.

ఇంకొకటి, ఇది చాలామంది తప్పు చేసే చోటు. అడాప్టర్‌ను ఖాళీగా కొలిస్తే 5.1 వస్తుంది, "అడాప్టర్ బాగుంది" అంటారు. పెట్టె తగిలించి, డిస్క్ తిరుగుతుండగా కొలవండి. 4.7 కంటే కిందికి దిగితే అదే రోగం. లోపల ఔట్‌పుట్ వైపు కెపాసిటర్ ఎండిపోయుంటుంది, సాధారణంగా 1000 మైక్రోఫారడ్ 10 వోల్టులది. పైకప్పు ఉబ్బిందంటే ఖాయం. 105 డిగ్రీల రకం, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్నది వేయాల. 85 డిగ్రీలది వేస్తే మా కర్నూలు మే నెల దాటదు. పని తెలియనివాళ్లు అడాప్టర్ విప్పొద్దు, లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకినాక కూడా కాసేపు నిలబడుతుంది. కొత్తది కొనుక్కోండి.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

వైరు లావు కూడా చూడాలి సార్. టీవీ వెనక యూఎస్‌బీ నుంచి స్టిక్కుకు కరెంటు ఇచ్చేవాళ్ల సంగతి చెప్తున్నా. లెక్క చూడండి. సన్నటి 28 గేజ్ రాగి మీటరుకు 0.21 ఓమ్. రెండు మీటర్ల వైరంటే పోను రాను నాలుగు మీటర్లు, 0.85 ఓమ్. ఒక ఆంపియర్ పారితే 0.85 వోల్టు దారిలోనే ఆవిరి. 5 బయల్దేరితే చేరేది 4.15. అదే ఇంకా లావైన 24 గేజ్ అయితే 0.34 వోల్టు పోతుంది, అర మీటరు వైరయితే అందులో పావు వంతే.

పైగా టీవీ యూఎస్‌బీ చాలాసార్లు అర ఆంపియర్‌దే. లోగో వచ్చి, నల్లబడి, మళ్లీ లోగో వచ్చి తిరుగుతుంటే సాఫ్ట్‌వేర్ పాడైందని ఫార్మాట్ చేస్తారు పాపం. గోడ అడాప్టర్‌కు మార్చి చూడండి ముందు.

రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటర్) వాడేవాళ్లకు: 5 వోల్టులు 3 ఆంపియర్లు కావాలి. 2019లో వచ్చిన మొదటి బోర్డుల్లో టైప్ సీ సాకెట్ రెసిస్టర్ తప్పుంది, లోపల చిప్ ఉన్న ఖరీదైన ల్యాప్‌టాప్ వైర్లతో అవి ఆన్ కావు. మామూలు వైరుతో అవుతాయి. దానికి హెచ్‌డీఎంఐ కూడా మైక్రో సైజు, రెండుంటాయి. టైప్ సీ పక్కనున్న దాన్ని వాడండి. పై 5 లో 3.5 జాక్ తీసేశారు, పాత టీవీకి వాడాలనుకునేవాళ్లు గమనించాలి.

దేవునికడప_వీధి (కడప)

బాడీ అల్యూమినియమే తీసుకోండి. ఆలోచించే పనే లేదు. ప్లాస్టిక్ డబ్బా వేడిని లోపలే దాచుకుంటుంది.

టంకం_పొగ (కర్నూలు)

అట్ల ఒక్క మాటలో తేల్చేయలేమన్నా. అల్యూమినియం డబ్బా విప్పి చూడు. చిప్ మీద చిన్న హీట్‌సింక్ అంటించి, దానికీ పైమూతకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల గాలి వదిలేస్తే ఆ అల్యూమినియం ఎందుకు? గాలి వేడిని మోయదు. మూత బయట తాకితే చల్లగా ఉంటుంది, లోపల చిప్ కుతకుతలాడుతుంటుంది. "చల్లగా ఉంది, మంచి పెట్టె" అనుకుంటారు. చిప్ నుంచి మూతకు లోహపు దిమ్మె గానీ థర్మల్ ప్యాడ్ (వేడిని మోసే మెత్తటి బిళ్ల) గానీ తగిలి ఉంటేనే బాడీ పనిచేస్తున్నట్టు. అప్పుడు మూత బయట వెచ్చగా ఉండాల. వెచ్చగా ఉంటే భయపడొద్దు, సంతోషపడు.

సందు పూడ్చాలంటే: ప్యాడ్ 0.5, 1, 1.5, 2 మిల్లీమీటర్ల మందాల్లో దొరుకుతుంది. సందు కొలిచేదానికి పిండి ముద్ద చిన్నది ప్లాస్టిక్ కాగితంలో చుట్టి హీట్‌సింక్ మీద పెట్టి మూత బిగించి తీస్తే ఎంత మందం అణిగిందో తెలుస్తుంది. దానికంటే కొంచెం మందమైన ప్యాడ్ వేయాల. మరీ మందంది వేసి స్క్రూలు బిగిస్తే బోర్డు వంగుతుంది, చిప్ కింద టంకం బంతులు విడిపోతాయి. నాలుగు మిల్లీమీటర్లకు ప్యాడ్ల మీద ప్యాడ్లు పేర్చొద్దు, మధ్యన అల్యూమినియం ముక్క పెట్టి రెండు వైపులా పలచటి ప్యాడ్ వేయండి. చిప్‌కు పూసే తెల్ల థర్మల్ పేస్టుతో సందులు పూడ్చబోకండి, అది వెంట్రుకవాసి సందుకు చేసింది.

రెండోది వైఫై. లోహపు డబ్బాలో యాంటెనా లోపలుంటే సిగ్నల్‌కు జైలే. అడుగు భాగం గానీ ఒక పక్క గానీ ప్లాస్టిక్ ఉండాల, లేదా బయట యాంటెనా ఉండాల. నీకు రాతి గోడ అడ్డముంది తమ్ముడూ, 5 గిగాహెర్ట్జ్ ఆ గోడ దాటి సరిగా రాదు. వైరు లాక్కోవడమే దారి.

దేవునికడప_వీధి (కడప)

మూతకు తగిలి ఉండాలన్నది ఒప్పుకుంటున్నా. కానీ ప్లాస్టిక్‌కు అడుగున చిల్లులు లేనివి మార్కెట్లో ఎన్ని ఉన్నాయో చూడండి. వాటికంటే ఇది నయమే కదా.

టంకం_పొగ (కర్నూలు)

అది నిజమే.

గండికోట_గాలి (జమ్మలమడుగు)

గూడు సంగతి ఎవరూ చెప్పలేదు. బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు మూసిన అద్దం గూట్లో సెట్‌టాప్ బాక్స్, రూటర్, ప్లేయర్ కలిసి ఉంటే లోపల గాలి 50 దాటడానికి ఎంతో సేపు పట్టదు. హార్డ్‌డిస్కుల గరిష్ఠ పరిమితి చాలావాటికి 60 డిగ్రీలు. రాస్ప్‌బెర్రీ పై అయితే చిప్ 80 కి చేరితే వేగం తగ్గించుకుంటుంది, వీడియో అక్కడక్కడ తడబడుతుంది.

కడప బండ చల్లగా ఉంటుంది, దాని మీద పెడితే చాలనుకోవద్దు. రబ్బరు కాళ్ల మీద నిలబడిన పెట్టెకు, బండకు మధ్య గాలే ఉంది. బండ సాయం చేయాలంటే పెట్టె అడుగు లోహపుదై బండకు ఆని ఉండాలి, అదైనా కొంతే.

చేయాల్సింది అద్దం తలుపు కింద ఒక వేలు సందు, వెనక పై మూలన ఒక రంధ్రం. వేడి గాలి పైకి పోతుంది, కింద నుంచి కొత్త గాలి వస్తుంది. పై రంధ్రం లేకుండా కింద సందు ఒక్కటే పెడితే ఉపయోగం సగం కూడా ఉండదు. ఒక దాని మీద ఒకటి పేర్చొద్దు, ముఖ్యంగా సెట్‌టాప్ బాక్స్ మీద. ఇన్వర్టర్ ఉన్న గూట్లో అసలే వద్దు. పెట్టెకు నాలుగు వైపులా నాలుగు వేళ్ల జాగా వదలండి. మన దగ్గర దుమ్ము సంగతి తెలిసిందే. ఏడాదికి రెండు సార్లు చిల్లులను పెయింట్ బ్రష్‌తో దులిపితే చాలు, నోటితో ఊదొద్దు, తడి పోతుంది లోపలికి.

పెన్నేటి_గట్టు (కడప)

ఆ వెనక రంధ్రం గురించి, బండకు రంధ్రం పెట్టేవాళ్లకు: కడప బండ పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. హ్యామర్ డ్రిల్‌తో కొడితే అడుగు పొర పెచ్చులుగా లేచిపోతుంది, అంచు దగ్గరైతే బండే చీలుతుంది. హ్యామర్ ఆపేసి, 35 మిల్లీమీటర్ల డైమండ్ కోర్ బిట్‌తో, నీళ్లు పోస్తూ, నెమ్మదిగా తిప్పాలి. అడుగున చెక్క ఆనించి పట్టుకోమనండి. ఇంకా బండ వేయని ఇల్లయితే వెనక మూలన రెండంగుళాల గంటు ముందే కోయించుకుంటే గొడవే ఉండదు.

35 ఎందుకంటే హెచ్‌డీఎంఐ తల. ఇనుప మూతి 14 మిల్లీమీటర్ల వెడల్పే గానీ, పట్టుకునే ప్లాస్టిక్ తల 20, 22 వెడల్పు, 11, 12 మందం. మూల నుంచి మూలకు 25 వస్తుంది. ఇళ్లల్లో వైరింగ్‌కు వేసే 25 మిల్లీమీటర్ల పైపు లోపలి వ్యాసం అంతకంటే తక్కువ. ప్లాస్టరింగ్ అయిపోయాక ఈ సంగతి తెలిస్తే తల పట్టుకోవాలి. గోడలో 40 పైపు వేయించండి, మూలల్లో ఎల్బో కాకుండా లాంగ్ బెండ్ పెట్టించండి, లోపల ఒక నైలాన్ దారం వదిలేయండి. 230 వోల్టుల వైర్లు ఆ పైపులో రానివ్వొద్దు.

దూరం కూడా చూసుకోవాలి. రాగి హెచ్‌డీఎంఐ 4కే 60కి అయిదు మీటర్ల దాకా నమ్మకం. పది మీటర్లయితే ఫైబర్ రకం తీసుకోండి. దానికి దిశ ఉంటుంది, ఒక తల మీద సోర్స్ అని, రెండో దాని మీద డిస్‌ప్లే అని రాసుంటుంది. పైపులో తిరగేసి లాగితే బొమ్మ రాదు, మళ్లీ మొత్తం పీకాలి. లాగే ముందే నేల మీద పరిచి రెండు చివర్లూ తగిలించి బొమ్మ చూసుకోండి.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

కేబుల్ డబ్బా మీద "2.0 కేబుల్", "2.1 కేబుల్" అని ఉంటే నమ్మేది లేదు. వెర్షన్ అంకెలు పరికరాలవి. కేబుళ్లకు హై స్పీడ్, ప్రీమియం హై స్పీడ్, అల్ట్రా హై స్పీడ్ అనే రకాలు. 18 గిగాబిట్లకు ప్రీమియం, 48 కి అల్ట్రా. ప్రీమియం, అల్ట్రా డబ్బాల మీద స్కాన్ చేసుకునే లేబుల్ ఉంటుంది.

తెల్ల చుక్కలు మిణుకుమిణుకుమంటున్నా, రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తున్నా రిజల్యూషన్‌ను 1080కి దించి చూడండి. చక్కబడితే కేబుల్ నేరం. మంచి కేబుల్ ఉన్నా 4కే 60 లో హెచ్‌డీఆర్ (వెలుగు నీడలు ఎక్కువ తేడాతో చూపే బొమ్మ) కనపడకపోతే టీవీ సెట్టింగ్‌లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్ గానీ యూహెచ్‌డీ కలర్ గానీ ఆన్ చేశారా చూసుకోండి. పోర్టు పోర్టుకూ వేరేగా ఆన్ చేయాలి.

టంకం_పొగ (కర్నూలు)

హెచ్‌డీఎంఐ అన్నారు కాబట్టి, మన ఊళ్లల్లో ఈ సాకెట్లు ఎందుకు కాలిపోతున్నాయో చెప్తా. దయచేసి ఇది చదవండి, మిగతాది వదిలేసినా పర్లేదు.

ప్లేయర్‌ది, సెట్‌టాప్ బాక్స్‌ది రెండు పిన్నుల అడాప్టర్. ఎర్త్ లేదు. లోపల ఒక చిన్న కెపాసిటర్ గుండా మెయిన్స్ వాసన ఔట్‌పుట్‌కు తగులుతూ ఉంటుంది. డబ్బా లోహాన్ని చేతి వెనక భాగంతో నిమిరితే జుమ్మని గరగరలాడేది అదే. మీటర్ పెడితే ఎర్త్‌కూ దానికీ మధ్య వంద వోల్టుల ఏసీ దాకా చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ, మనిషికి ఏమీ కాదు. వీధి కేబుల్ వైరు పరిస్థితి ఇంకా ఘోరం. దాని పైతొడుగు వీధిలోని ఆంప్లిఫయర్లు, పక్కిళ్ల పెట్టెలు అన్నింటినీ కలుపుకుని వస్తుంది, ఎక్కడా సరైన ఎర్త్ ఉండదు.

ఇప్పుడు రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే, ఆ తేడా అంతా ఒక్క క్షణంలో సాకెట్ గుండా సర్దుకుంటుంది. ప్లగ్ తొడుగు ముందు తగిలితే బతికినట్టే. వదులు ప్లగ్ వంకరగా పోయి పిన్ను ముందు తగిలిందా, 5 వోల్టులు కూడా ఎక్కువయ్యే చిప్ మీద ఆ దెబ్బ పడుతుంది. ఒక పోర్టు పోతుంది, ఒక్కోసారి మెయిన్ బోర్డే పోతుంది.

కాబట్టి వరస ఇది. అన్నిటి ప్లగ్గులూ గోడ నుంచి పీకాల, స్విచ్ ఆపితే చాలదు. కేబుల్ టీవీ కోయాక్స్ వైరు కూడా విప్పాల. తర్వాత హెచ్‌డీఎంఐ, ఆప్టికల్, నెట్ వైరు గుచ్చాల. తర్వాత కేబుల్ టీవీ కోయాక్స్. చివర్లో కరెంటు, టీవీ ముందు, ప్లేయర్ తర్వాత. ఎర్త్ సరిగా ఉన్న మూడు పిన్నుల టీవీ ఉంటే చాలా మేలు. ఆంప్‌లో గుంయ్‌మని హమ్ వస్తుంటే కేబుల్ టీవీ కోయాక్స్ పీకి చూడు. ఆగిపోతే దోషం ఆంప్‌ది కాదు. ఆప్టికల్‌కు ఈ బాధ లేదు, అందులో పోయేది వెలుగే. ఉరుములు మొదలైతే కరెంటుతో పాటు కోయాక్స్ కూడా పీకాల.

సాకెట్ బలం గురించి ఒక ముక్క: 19 కాళ్లు, కాలికీ కాలికీ అర మిల్లీమీటరు. బరువైన కేబుల్ గాల్లో వేలాడితే చివరి 19వ కాలు దగ్గర టంకం పగులుతుంది. టీవీ ఉందని పెట్టెకు చెప్పే కాలు అది. అది తెగితే మిగతా 18 బాగున్నా "నో సిగ్నల్". కేబుల్‌ను రెండంగుళాల అవతల గూటికి క్లిప్ వేసి ఆపండి. 18వ కాలు మీద 5 వోల్టులు రావాల, పెట్టె రిపేరులో ముందు చూసేది అదే.

ఒంటిమిట్ట_రేడియో (రాజంపేట)

పెద్దవాళ్ల గదిలో పాత ట్యూబ్ టీవీకి ఈ పెట్టె పెట్టచ్చా? ఏవీ అని 3.5 రంధ్రం ఉంది పెట్టెకు. వైరు గుచ్చితే బొమ్మ దొర్లుతోంది, శబ్దంలో గుర్రుమంటోంది.

గండికోట_గాలి (జమ్మలమడుగు)

పెట్టచ్చు. వైరు వేరే రకం తగిలించారు మీరు. ఆ పిన్నుకు నాలుగు కట్లుంటాయి. ఒక పద్ధతిలో మొనది ఎడమ శబ్దం, తర్వాతది కుడి, మూడోది గ్రౌండ్, మొదట్లోది (పట్టుకునే వైపుది) వీడియో. ఇంకో పద్ధతిలో మూడోది వీడియో, మొదట్లోది గ్రౌండ్. చూపులకు రెండు వైర్లూ ఒకటే. ఎర్ర ప్లగ్‌ను పసుపు రంధ్రంలో పెట్టి చూడమంటారు కొందరు. గ్రౌండ్ తారుమారైతే ఎన్ని మార్చినా రాదు. మీటర్ బీప్‌లో పెట్టి, మూడు ఆర్‌సీఏల బయటి తొడుగులు పిన్ను మీద ఏ కట్టుకు తగులుతున్నాయో చూడండి. పెట్టెకు సరిపడేది తెచ్చుకోండి.

బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే సెట్టింగ్‌లో ఎన్‌టీఎస్‌సీ ఉంది, పాల్‌కు మార్చండి. చాలా పెట్టెల్లో హెచ్‌డీఎంఐ తగిలించి ఉంటే ఏవీ మూసుకుంటుంది. అలాగే ఆ ఏవీ రంధ్రం లోపల, బాగా లోతుగా, కొన్నింటికి రీసెట్ బటన్ ఉంటుంది, పుల్లతో నొక్కితే టిక్ అంటుంది. పిల్లలు పుల్లలు పెట్టి ఆడితే మొత్తం చెరిగిపోవచ్చు, చూసుకోండి.

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం)

ఇంకా రెండు సందేహాలు. డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంది, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, పర్లేదా? పెట్టెను టీవీ వెనక దాచేస్తే రిమోట్ పనిచేస్తుందా?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

ఎక్స్‌ఫ్యాట్‌లో రాతలకు చిట్టా ఉండదు. రాస్తుండగా కరెంటు పోతే ఫోల్డర్ మొత్తం మాయం కావచ్చు. పెట్టె చదవగలిగితే ఎన్‌టీఎఫ్ఎస్, లైనక్స్ పెట్టె అయితే ఈఎక్స్‌టీ4 మేలు, వాటికి ఆ చిట్టా (జర్నల్) ఉంది. ఫ్యాట్32 వద్దు, 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. 12 వోల్టుల పెట్టె తీసుకుంటే రూటర్ కోసం అమ్మే చిన్న డీసీ యూపీఎస్ దీనికీ సరిపోతుంది, దాని ఆంపియర్లు చూసుకుని.

రిమోట్: ఇన్‌ఫ్రారెడ్ అయితే కన్ను రిమోట్‌కు కనపడాలి. మామూలు అద్దం తలుపు అడ్డం కాదు, నల్ల ఫిల్మ్ అంటిస్తే మొండికేయొచ్చు. పెట్టెకు ఐఆర్ అని 3.5 రంధ్రం ఉంటే పొడుగు కన్ను వైరు దొరుకుతుంది. దాన్ని ఏవీ రంధ్రంలో గుచ్చితే పనిచేయదు, సైజు ఒకటే అయినా. రిమోట్ చచ్చిందా అన్నది ఫోన్ ముందు కెమెరాలో చూస్తే తెలుస్తుంది, బటన్ నొక్కితే ఊదారంగు మెరుపు కనపడాలి.

యూఎస్‌బీ డాంగిల్ (పోర్టులో గుచ్చే బుల్లి రేడియో ముక్క) రిమోట్ అయితే వేరే చిక్కు. 3.0 పోర్టు, దానికి తగిలిన డిస్క్ వైరు, ఇవి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి. డిస్క్ తిరిగినప్పుడే రిమోట్ మొరాయిస్తే ఇదే కారణం. డాంగిల్‌ను 2.0 పోర్టులో, ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ వైరుతో, డిస్క్‌కు దూరంగా పెట్టండి.

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం)

సరే, అయితే లెక్క ఇట్ల వేసుకున్నా: 2.0 హెచ్‌డీఎంఐ, కోయాక్సియల్ ఔట్, ఒక నీలం యూఎస్‌బీ ఉన్న 12 వోల్టుల పెట్టె. రెండు మీటర్ల ప్రీమియం కేబుల్. గోడ అంచు వెంబడి నెట్ వైరు. అద్దం తలుపు తీసేస్తా, దానికి సందు చేయించే బదులు. టీవీ ఆప్టికల్ ఆంప్‌కు, పెట్టె కోయాక్సియల్ ఆంప్‌కు. ఏమన్నా మరిచినానా?

పెన్నేటి_గట్టు (కడప)

బాగుంది. ఆప్టికల్ వైరు రెండు తలలకూ పారదర్శకంగా బుల్లి ప్లాస్టిక్ టోపీలుంటాయి, తీసి పెట్టండి. టోపీతోనే బలవంతంగా గుచ్చితే సాకెట్ తలుపు విరిగి లోపల పడుతుంది. రెండో చివర ఎర్రగా వెలుగు కనపడితేనే ఆంప్‌కు గుచ్చండి. గూటి మూల దగ్గర వైరును గట్టిగా మడవొద్దు, ఉంగరంలాగా వదులుగా తిప్పండి.

టంకం_పొగ (కర్నూలు)

12 వోల్టులు అన్నావు కదా, ఆ అడాప్టర్ మీద కూడా టేపు అంటించు.